ఎడమచేతి సమాధానాలు: కాట్లిన్‌లో యారో ఏడాదిన్నర వాడాక

మా అమ్మ ప్రొద్దుటూరులో కూర్చుని మా కంపెనీ యాప్‌లో బెంగళూరుకు టికెట్ తీస్తా ఉంది. నేనిక్కడ మారతహళ్ళిలో ఫోన్ స్పీకర్‌లో పెట్టి చపాతీ పిండి కలుపుతున్నా. పేరు కొట్టింది. "పేరులో చుక్క ఉండకూడదు" అని ఎర్రక్షరాల్లో వచ్చింది. ఇంటిపేరు పక్కన చుక్క తీసేసి మళ్ళీ నొక్కింది. "వయసు అంకెల్లో రాయాలి". అదీ దిద్దింది. "మొబైల్ నంబర్‌కు పది అంకెలు ఉండాలి".

"ఏందే ఇది? తప్పులన్నీ ఒకేసారి చెప్పి సావకుండా వాయిదాల మీద చెప్తాది!" అనింది.

ఆ ఫారం వెనకాల కోడ్ నాదే. ఆ మాట మాత్రం చెప్పలేదు.

జరిగేదేమిటంటే, ఒక్కో తనిఖీ తప్పు కనబడగానే ఎక్సెప్షన్ త్రో చేసేది, అంటే పని అక్కడే ఆపేసి తప్పు సంకేతం పైకి విసిరేది. మొదటిది త్రో అయ్యాక మిగతావి నడవనే నడవవు. మనిషి దిద్దుకుని మళ్ళీ వస్తే రెండోది అడ్డం పడుతుంది. ఇది సరిచేద్దామని వెతుకుతుంటే యారో అనే లైబ్రరీ (వేరేవాళ్ళు రాసిపెట్టిన కోడ్ మూట) దగ్గరికి చేరాను. అప్పటినుంచి ఏడాదిన్నర, ఒక దసరా, ఒక సంక్రాంతి, చాలా రాత్రుళ్ళు. మన తెలుగువాళ్ళు బెల్లందూరు నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ప్రతి ఆఫీసులోనూ కాట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ రాస్తూనే ఉన్నారు కాబట్టి ఒకరికైనా పనికొస్తుందని ఈ రివ్యూ.

నా సంగతి రెండు ముక్కల్లో: జావా ఆరేళ్ళు, కాట్లిన్ నాలుగేళ్ళు. బస్సు టికెట్లు అమ్మే కంపెనీలో బ్యాకెండ్ (తెర వెనక సర్వర్) పని. ఏడుగురం టీమ్, స్ప్రింగ్ బూట్ అనే ఫ్రేమ్‌వర్క్ మీద నడిచే బుకింగ్ సర్వీసు మాది. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే కింద చెప్పబోయే గోలలో సగం మేం చేసుకున్నదే.

యారో అనేది కాట్లిన్ కోసం రాసిన ఓపెన్‌సోర్స్ లైబ్రరీ. కేటగరీ, ఫంక్షనేల్ అని రెండు వేర్వేరు లైబ్రరీలు ఉండేవి, అవి కలిసిపోయి ఇదైంది. 2021లో 1.0, 2024 చివర్లో 2.0 వచ్చాయి. అపాచీ లైసెన్స్, పైసా ఖర్చు లేదు. అందులో ఆప్టిక్స్ లాంటివి వేరే ఉన్నాయి, నేను ముట్టుకోలేదు. నా మార్కులన్నీ ఈదర్‌కు, దాని వెనక తప్పును ఎగరేసే రెయిజ్‌కు మాత్రమే.

ఈదర్ అంటే రెండు అరల డబ్బా. ఎప్పుడు తెరిచినా ఒక అరలోనే సరుకుంటుంది. లెఫ్ట్‌లో ఉంటే తప్పు, రైట్‌లో ఉంటే ఫలితం. హాస్కెల్‌లో ఎప్పటినుంచో ఉన్న టైపే. రస్ట్‌వాళ్ళు రిజల్ట్ అని వేరే పేరుతో అదే పని చేస్తారు. తప్పు ఎడమవైపే ఎందుకంటే, ఇంగ్లీషులో రైట్ అంటే ఒప్పు అని కూడా కదా, అంతకు మించి వేదాంతం లేదు. మనకు అదీ అక్కర్లేదు. ప్రసాదం కుడిచేత్తో పుచ్చుకునే ఇళ్ళల్లో పెరిగాం, ఎడంచేత్తో చాపినదాన్ని ఎలాగూ అనుమానంగానే చూస్తాం. మా టీమ్‌లో కొత్తగా చేరిన శ్రీకాకుళం కుర్రాడికి ఇలా చెప్తే "ఓహో, అలాగేటి" అన్నాడు, మళ్ళీ ఏది ఎటో అడగలేదు.

ఇది రాకముందు మా కోడ్ ఎలా ఉండేదో చెప్పాలి. జావాలో చెక్డ్ ఎక్సెప్షన్లని ఒక నస ఉంది. ఫంక్షన్ ఏమేం త్రో చేస్తుందో పైన రాయాలి, పిలిచినవాడు పట్టుకోవాలి లేదా తనూ రాయాలి. అందరం తిట్టుకున్నాం. కాట్లిన్ ఆ నస మొత్తం ఎత్తేసింది, దాంతోపాటు ఆ సమాచారం కూడా పోయింది. సీటు పట్టే ఫంక్షన్ ఒకటి ఉందనుకోండి, బుకింగ్ తిరిగిస్తానంటుంది. సీటు అప్పటికే పోయిందా, బస్సే రద్దయిందా, పక్కది ఆడవాళ్ళ సీటా, ఈలోగా రేటు మారిందా, ఇవేవీ సంతకంలో (ఫంక్షన్ ఏం తీసుకుని ఏం ఇస్తుందో చెప్పే మొదటి వరసలో) కనబడవు. లోపలికి దిగి నాలుగు ఫైళ్ళు చదవాలి. చదివే ఓపిక ఎవరికుంది? అందుకని అన్నిటికీ పైన ఒక పెద్ద క్యాచ్ బ్లాక్. ఏది వచ్చినా పట్టుకుని, లాగ్‌లో ఒక ముక్క రాసి, "ఏదో పొరపాటు జరిగింది, కాసేపాగి ప్రయత్నించండి" అంటుంది. ఈ ఊళ్ళో ఇంటి ఓనర్ నుంచి ఆటో దాకా చెప్పే "స్వల్ప అడ్జస్ట్ మాడి" (కొంచెం సర్దుకోండి) అన్న మాటను కోడ్‌లో రాస్తే అచ్చం అలాగే ఉంటుంది.

ఇప్పుడు అదే ఫంక్షన్ 'సీటు తప్పు' గానీ, బుకింగ్ గానీ ఇస్తానని సంతకంలోనే ఒప్పుకుంటుంది. సీటు తప్పు అనేది సీల్డ్ ఇంటర్‌ఫేస్ (రకాల జాబితా ముందే మూసేసిన టైపు), పైన చెప్పిన నాలుగు రకాలూ దాని పిల్లలు. పిలిచినవాళ్ళు వెన్ (రకాన్నిబట్టి దారి ఎంచే కాట్లిన్ వాక్యం) రాస్తే నాలుగింటికీ జవాబు చెప్పాలి. ఒకటి మర్చిపోతే కాట్లిన్ 1.7 నుంచి కంపైలే అవదు. దసరా ముందు బోర్డింగ్ పాయింట్ మారిపోయే కేసు కొత్తగా వచ్చింది, సిల్క్ బోర్డ్ దగ్గర ఆపేవాళ్ళు మడివాళకు మార్చేశారు. అయిదో రకం తప్పుగా దాన్ని చేర్చి బిల్డ్ కొట్టాను. పదకొండు చోట్ల ఎర్ర గీతలు. అందులో మూడు చోట్లు ఉన్నట్టే నాకు గుర్తు లేదు. ఒకటి ఎస్ఎంఎస్ పంపే మూల, రెండేళ్ళుగా ఎవరూ తెరవని ఫైలు. పాత పద్ధతిలో అయితే ఆ పదకొండూ కస్టమర్ కేర్ ఫోన్ల ద్వారా తెలిసేవి, అదీ రాత్రి పదకొండింటికి, రోడ్డు పక్కన సూట్‌కేస్‌తో నిలబడినవాళ్ళ నోటి నుంచి. మూడు గంటల్లో సర్ది, నాలుగింటికి టీ తాగాం. ఈ ఒక్క మధ్యాహ్నం కోసమే నేను యారోకు రెండు మార్కులు వేస్తా.

రాసే తీరు కూడా బాగుంది. ఈదర్ బ్లాక్ తెరిచి, లోపల ఒక్కో పిలుపు చివర బైండ్ అంటే చాలు, రైట్ అయితే సరుకు చేతికొస్తుంది, లెఫ్ట్ అయితే అక్కడితో ఆగి ఆ లెఫ్టే బయటికి పోతుంది. రస్ట్‌లో ప్రశ్నార్థకం గుర్తు చేసే పని ఇదే. కోడ్ పై నుంచి కిందికి మామూలు కోడ్‌లాగే చదువుకోవచ్చు. మాతో పనిచేసే కోయంబత్తూరు అబ్బాయికి ఇది నచ్చదు. ఫ్లాట్‌మ్యాప్, మ్యాప్, మ్యాప్‌లెఫ్ట్ అని ఒకదానికొకటి గొలుసు కడతాడు. పద్నాలుగు లంకెల గొలుసు ఒకటి పుల్ రిక్వెస్ట్‌లో (సమీక్షకు పంపే కోడ్ మార్పులో) పెట్టాడు, చాలా ముచ్చటగా ఉంది, ఎనిమిదో లంకెలో తప్పెక్కడుందో కనిపెట్టడానికి మాత్రం నాకు గంట పట్టింది. ఇద్దరం వాదించుకుని చివరికి బ్లాక్ పద్ధతే టీమ్ నియమంగా పెట్టుకున్నాం. యారోవాళ్ళూ ఇప్పుడు అటే మొగ్గుతున్నారు. మొదట్లో ఐఓ లాంటి బరువైన టైపులు ఉండేవి, వాటిని వదిలేసి కాట్లిన్ సస్పెండ్ (మధ్యలో ఆగి మళ్ళీ సాగే ఫంక్షన్లు) మీదే ఆధారపడ్డారు. మంచి పని చేశారు.

ఇక అమ్మ ఫారం. దానికి జిప్ ఆర్ అక్యుములేట్ అని ఉంది. తనిఖీలన్నీ నడిపి, తప్పులన్నీ ఒక జాబితాగా పోగేసి లెఫ్ట్‌లో ఇస్తుంది. ఆ జాబితా ఖాళీగా ఉండే వీలే లేని ప్రత్యేకమైన లిస్టు, ఎందుకంటే తప్పు ఉందని చెప్పి సున్నా తప్పులు చూపిస్తే అర్థం లేదు కదా. ఆరుగురు ప్రయాణికుల ఫారమైతే మ్యాప్ ఆర్ అక్యుములేట్ వాడి ఆరుగురివీ కలిపి చెప్పొచ్చు. పాత పాఠాల్లో దీనికి వాలిడేటెడ్ అనే వేరే టైపు వాడమని ఉంటుంది, నమ్మకండి. 1.2లో దాన్ని పక్కన పెట్టారు, 2.0లో తీసేశారు. నాకు ఆ వేటలో ఒక పూట పోయింది. మొత్తానికి కొత్త ఫారం వెళ్ళాక అమ్మతో కావాలనే మళ్ళీ నింపించా. మూడు ఎర్ర వరసలూ ఒకేసారి వచ్చాయి. "ఇన్ని తప్పులా? నేనేమన్నా సదువు రానిదాన్నా?" అనింది. ఈవిడతో గెలవలేం.

ఇంతవరకూ పొగడ్త. ఇక సంక్రాంతి కథ.

పండక్కి నాలుగు రోజుల ముందు. కదిరి మీదుగా పోయే స్లీపర్ బస్సు, 36 బెర్తులు, యాప్‌లో అన్నీ నిండినట్టు చూపిస్తోంది. బస్సు కదిలేముందు ఆపరేటర్ మనిషి లెక్కపెట్టుకుంటే తొమ్మిది ఖాళీ. పండగ పూట తొమ్మిది బెర్తులు ఖాళీగా పోవడమంటే ఎంత పాపమో రాయలసీమ బస్సుల్లో తిరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో డ్రైవర్ పక్కన కూర్చోవడానికి కూడా సిఫారసు కావాలి. నాకు ఫోన్ వచ్చింది. లాగ్‌లు తీస్తే ఎక్కడా ఎక్సెప్షన్ లేదు, అంతా ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతత చూసే భయమేసింది.

శ్రీకాకుళం కుర్రాడే పట్టాడు. "అక్కా, లెఫ్ట్ వచ్చీసింది కదా, మరి టేబుల్లో రో ఎందుకుండిపోయిందేటి?" అన్నాడు.

అక్కడే ఉంది కిటుకు. మా ఫంక్షన్ మీద స్ప్రింగ్ ట్రాన్సాక్షనల్ అనే గుర్తు ఉంది, అంటే లోపల డేటాబేస్‌లో రాసేవన్నీ కలిసి నిలవాలి, లేదా కలిసి రద్దవాలి. లోపల ముందు సీటు పట్టినట్టు ఒక రో (డేటాబేస్ టేబుల్లో ఒక వరస) రాస్తాం, తర్వాత పేమెంట్ ఆర్డర్ తెరుస్తాం. పాతకాలంలో పేమెంట్ ఆర్డర్ తెరుచుకోకపోతే రన్‌టైమ్ ఎక్సెప్షన్ లేచేది, అది ఆ గుర్తును దాటుతుంటే స్ప్రింగ్ చూసి రాసిందంతా వెనక్కి తిప్పేది (రోల్‌బ్యాక్). ఇప్పుడు ఎక్సెప్షన్ లేదు. ఫంక్షన్ మర్యాదగా లెఫ్ట్ తిరిగిచ్చింది. స్ప్రింగ్ కళ్ళకు అది మామూలు విలువ, కాబట్టి "పని సజావుగా అయింది" అని కమిట్ చేసేసింది, అంటే రాసింది ఖాయం చేసేసింది. సీటు రో ఉండిపోయింది. గడువు దాటిన సీట్లను వదిలించే జాబ్ ఒకటి ఉంది గానీ, అది పేమెంట్ ఆర్డర్ ఉన్నవాటినే వెతుకుతుంది. వీటికి ఆర్డరే పుట్టలేదు. అలా తొమ్మిది బెర్తులు ఎవరివీ కాకుండా, ఎవరికీ దొరక్కుండా మిగిలాయి.

తప్పు యారోది అనను, స్ప్రింగ్‌ది అసలే అనను. స్ప్రింగ్ పత్రాల్లో స్పష్టంగానే ఉంది, వావర్ అనే జావా లైబ్రరీలోని ట్రై ఫెయిల్యూర్ అయితే 5.2 నుంచి గుర్తుపట్టి వెనక్కి తిప్పుతుందని. యారో ఈదర్‌కు ఆ చుట్టరికం లేదు. ఎక్సెప్షన్ అనేది మన కోడ్‌తోనే కాదు, చుట్టూ ఉన్న ఫ్రేమ్‌వర్క్‌తో కూడా మాట్లాడుకునే భాష. నేను ఇంట్లో భాష మార్చి పొరుగువాళ్ళకు చెప్పలేదు.

దిద్దుబాటు చిన్నదే, దాని వెనక తర్కం సొగసైనది. ఈదర్ బ్లాక్ లోపల రెయిజ్ అన్నప్పుడు నిజానికి కింద ఒక ఎక్సెప్షనే ఎగురుతుంది, రెయిజ్ క్యాన్సలేషన్ ఎక్సెప్షన్ అని. బ్లాక్ అంచు దగ్గర యారో దాన్ని పట్టి లెఫ్ట్‌గా మారుస్తుంది. కాబట్టి ట్రాన్సాక్షన్ బయట, ఈదర్ బ్లాక్ లోపల ఉంటే ట్రాన్సాక్షన్‌కు ఏమీ తెలియదు, కమిట్ అవుతుంది. ఈదర్ బ్లాక్ బయట, ట్రాన్సాక్షన్ టెంప్లేట్ (గుర్తుకు బదులు కోడ్‌లోనే ట్రాన్సాక్షన్ తెరిచే స్ప్రింగ్ పద్ధతి) లోపల పెడితే ఆ ఎక్సెప్షన్ ట్రాన్సాక్షన్ గడప దాటుకునే బయటికి పోవాలి, దాటుతుండగా రోల్‌బ్యాక్ అయిపోతుంది. రెండు గుమ్మాల వరస మార్చడమే. అయినా మనుషులు మర్చిపోతారని, లెఫ్ట్ కనబడితే సెట్ రోల్‌బ్యాక్ ఓన్లీ (రాసింది వెనక్కి తిప్పమనే పిలుపు) కొట్టే చిన్న రేపర్ (చుట్టు ఫంక్షన్) ఒకటి రాసి, నేరుగా ట్రాన్సాక్షనల్ గుర్తు వాడటం టీమ్‌లో నిషేధించాం. యారోకు నేను కోసిన మార్కుల్లో ఒకటి దీనికే. బ్యాకెండ్‌లో కాట్లిన్ రాసేవాళ్ళలో చాలామంది స్ప్రింగ్ మీదే బతుకుతారు, ఈ హెచ్చరిక మొదటి పేజీలో పెద్దక్షరాలతో ఉండాలి.

ఇదే ఎక్సెప్షన్ ఇంకో రకంగానూ కరిచింది. ఎవరో ఈదర్ బ్లాక్ లోపల, బైండ్ చుట్టూ అలవాటుకొద్దీ ట్రై క్యాచ్ పెట్టి ఎక్సెప్షన్ అన్నదల్లా పట్టేశారు. రెయిజ్ ఎగరేసింది అందులో పడి మాయమైంది, లెఫ్ట్ బయటికి రానేలేదు. కాట్లిన్ సొంత రన్ క్యాచింగ్ వాడినా ఇదే గతి, కోరూటీన్ (మధ్యలో ఆగి సాగే పని) రద్దయిన సంగతి కూడా అది మింగేస్తుంది. బయటి లైబ్రరీల ఎక్సెప్షన్లను లోపలికి తెచ్చుకోవాలంటే ఈదర్ డాట్ క్యాచ్ వాడండి, అది రద్దు సంకేతాలను ముట్టుకోదు.

యూపీఐ దగ్గర వేరే పాఠం. రెండు అరల డబ్బా చేతికొస్తే ప్రపంచమంతా రెండు అరలుగా కనబడుతుంది. డబ్బు వచ్చింది, రైట్. రాలేదు, లెఫ్ట్. మరి పెండింగ్? యూపీఐలో అది రోజూ ఉండేదే, ఖాతాలోంచి పోయి ఉండొచ్చు, మనదాకా కబురు రాలేదు. మేం మొదట దాన్ని లెఫ్ట్‌లో వేశాం. లెఫ్ట్ అంటే సీటు వదిలేయాలి, వదిలేశాం. పది నిమిషాలకు డబ్బు అందినట్టు కబురొచ్చింది, సీటు అప్పటికే వేరేవాళ్ళకు పోయింది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఖాతాలో డబ్బు కోత పడి వ్యాపారికి ధ్రువీకరణ అందకపోతే లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోపు అది తిరిగి ఖాతాలో పడాలి, దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం. అంటే పెండింగ్‌కు సొంత గడువులున్నాయి, సొంత జీవితముంది. ఇప్పుడు దాన్ని రైట్‌లోనే ఉంచి, పేమెంట్ స్థితి అనే సీల్డ్ టైపులో ఒక రకంగా చేశాం. ఏది తప్పు, ఏది ఇంకా తేలని ఒప్పు అన్నది లైబ్రరీ చెప్పదు. బ్యాంకింగ్ తెలిసిన మనిషి పక్కన కూర్చుని చెప్పాలి.

చిన్న చిన్న ఫిర్యాదులు కొన్ని. లెఫ్ట్‌కు స్టాక్ ట్రేస్ ఉండదు. ఎక్సెప్షన్ అయితే ఏ ఫైలు, ఏ వరస అని మూలం నుంచి చెప్తుంది, ఇదేమో "సీటు పోయింది" అని ఊరుకుంటుంది, ఎవరు పిలిస్తే పోయిందో చెప్పదు. తప్పు టైపులోనే బస్సు నంబరు, సీటు నంబరు, ఏ దశలో అన్నది మోసుకెళ్ళేలా రాసుకోవాలి. రెండోది, ఈదర్ ఇచ్చే ఫంక్షన్‌ను పిలిచి ఫలితం గాలికొదిలేసినా మా వెర్షన్ కాట్లిన్ కిక్కురుమనదు. రస్ట్ అయితే హెచ్చరిస్తుంది. మా దగ్గర రీఫండ్ మొదలుపెట్టే పిలుపు ఒకటి అలా నెల రోజులు గాలికి పోయింది, ఎన్ని లెఫ్ట్‌లు వచ్చాయో లెక్కే లేదు. డిటెక్ట్ అనే కాట్లిన్ కోడ్ తనిఖీ సాధనంలో ఇగ్నోర్డ్ రిటర్న్ వాల్యూ అనే రూల్ ఉంది, అందులో ఈదర్‌ను చేర్చాకే ఈ లైబ్రరీ మొదలుపెట్టండి. మూడోది, పొర పొరకూ తప్పు టైపు మార్చే మ్యాప్‌లెఫ్ట్‌లు. డేటాబేస్ తప్పును సీటు తప్పుగా, సీటు తప్పును బుకింగ్ తప్పుగా, దాన్ని హెచ్‌టీటీపీ కోడ్‌గా. ఆధార్‌లో అడ్రస్ మార్చుకుని మళ్ళీ బ్యాంకులో, గ్యాస్‌లో మార్చుకున్నట్టుంటుంది.

కాట్లిన్‌లోనే రిజల్ట్ ఉంది కదా అంటారు. ఉంది, 1.3 నుంచి. కానీ దాని తప్పు వైపు ఎప్పుడూ త్రోవబులే (ఎక్సెప్షన్లన్నిటికీ మూల టైపు), సీటు తప్పు అని పేరు పెట్టుకోలేం, వెన్ రాస్తే అన్ని రకాలూ చూశావా అని కంపైలర్ అడగదు. నాకు కావలసిందే అది.

ఎక్కడ వాడాలంటే, వ్యాపారంలో నిత్యం జరిగే తప్పులకు. సీటు లేకపోవడం తప్పే గానీ వింత కాదు. డేటాబేస్ కనెక్షన్ తెగిపోవడం, మెమరీ అయిపోవడం లాంటివి ఎక్సెప్షన్లుగానే ఎగరనివ్వండి, వాటికి సీటు అడిగినవాడు చేయగలిగింది ఏమీ లేదు. మేం మొదటి మూడు నెలల ఉత్సాహంలో అన్నిటికీ ఈదర్ చుట్టాం, తర్వాత రెండు నెలలు సగం ఊడదీశాం. ఇద్దరు ముగ్గురున్న టీమ్, ఆరు నెలల్లో మూతపడే ప్రాజెక్టు అయితే జోలికి పోకండి. డబ్బు, సీట్లు, మందులు, అపాయింట్‌మెంట్లు లాంటి వాటితో పని అయితే పెట్టుకోండి. కొత్తవాళ్ళకు అలవాటు పడటానికి మా దగ్గర మూడు వారాలు పట్టింది. శ్రీకాకుళం కుర్రాడికి వారమే, వాడి లెక్క వేరు.

అయిదుకి మూడున్నర. సంక్రాంతి ముందు అడిగుంటే నాలుగున్నర అనేదాన్ని, సంక్రాంతి రాత్రి అడిగుంటే మీతో మాట్లాడేదాన్ని కాదు.

పోయిన వారం రీఫండ్ సర్వీసును వేరే రిపోలో కొత్తగా మొదలుపెట్టాం. మొదటి పుల్ రిక్వెస్ట్ కుర్రాడే పెట్టాడు. తెరిచి చూస్తే మొదటి ఫైలు ట్రాన్సాక్షన్ రేపర్, రెండోది డిటెక్ట్ రూల్. ఈదర్ అన్న మాట మూడో ఫైల్లో గానీ రాలేదు. కామెంట్ ఏమీ రాయకుండా అప్రూవ్ చేశా.